గుంతకల్లు మీదుగా భీమిలికి

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతర ముగిసి, ఆదోని యార్డుకు పత్తి రాక పలచబడ్డాక, ఆలుమగలిద్దరూ నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి రావాలనుకుంటే గుంతకల్లు చేరండి. హౌరాలోని షాలిమార్, గోవాలోని వాస్కోల మధ్య నడిచే అమరావతి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది. పడమటికి పోతే గోవా, తూర్పుకు పోతే విశాఖపట్నం. నేనైతే విశాఖే అంటాను. నగరమూ సముద్రమూ ఒక్కచోటే దొరుకుతాయి.

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. అంత ఇరుకులో నావికులు ఎలా బతికారో లోపలికెళ్లి చూడాల్సిందే. ఆ తీరంలో ఈతకు మాత్రం దిగకండి, అలల లాగుడు ప్రమాదకరం.

అసలు అందం భీమిలి రోడ్డుది. ఒక పక్క కొండలు, ఒక పక్క కడలి. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. నీటి విలువ తెలిసిన మన సీమవాళ్లకు అవి తప్పక నచ్చుతాయి. ఇంకాస్త ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలి పోగుచేసిన ఇసుక, ఇనుప ఆక్సైడు పట్టి ఎర్రబడింది. వానలు దాన్ని లోతైన గండ్లుగా కోశాయి. నల్లరేగడి చూసి పెరిగిన కళ్లకు అది వేరే లోకం. అంచులెక్కి తొక్కకండి, మట్టి ఇట్టే జారిపోతుంది.

చివర భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసేదీ, డచ్చివారి పాత సమాధులున్నదీ అక్కడే. తిరిగి రావడానికి సిటీ బస్సులున్నాయి.