వేసవిలో చైనా వెళ్లే పిల్లలకు



వేసవిలో చైనా వెళ్లి, ఇంగ్లీషు చెబుతూ చైనీస్ నేర్చుకుంటామని మన పిల్లలు కొందరు అడుగుతున్నారు. బ్యాంకులో కాగితాలు చూసి చూసి అలవాటైనవాణ్ణి, ముందు వీసా సంగతే అడుగుతాను. 'ఎల్' వీసా పర్యటనకు. 'ఎక్స్-2' వీసా 180 రోజుల లోపు చదువుకు. జీతానికి పాఠం చెప్పాలంటే 'జడ్' వీసా, వర్క్ పర్మిట్ ఉండాలి. వాటికి సాధారణంగా ఇంగ్లీషు మాతృభాషగా గల దేశపు పాస్‌పోర్టు, డిగ్రీ, రెండేళ్ల అనుభవం అడుగుతారు. డిగ్రీ చదువుతున్న మన పిల్లలకు అది కుదరదు. "టూరిస్టు వీసా మీద పంపండి, అక్కడ మేం చూసుకుంటాం" అనే ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకండి. 2013 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం అనుమతి లేకుండా పనిచేస్తే జరిమానా 5,000 నుంచి 20,000 యువాన్లు. ముందు పట్టుబడేది మీ అబ్బాయే, ఏజెంటు కాదు.

చదువుకోవడానికైతే సంతోషంగా వెళ్లండి. రోమన్ లిపిలో 'బి' అని రాసే చైనీస్ ధ్వని నిజానికి మన 'ప'. 'పి' అని రాసేది ఒత్తు పలికే 'ఫ'. బీజింగ్ పేరు వారి నోట 'పెయ్‌చింగ్'కు దగ్గరగా వినిపిస్తుంది. తమిళ లిపిలో ఈ తేడా రాయలేం, తెలుగులో రాయగలం. అందుకే హోసూరు, చెన్నై పిల్లలు ఇంట్లో ఓనమాలు దిద్దుకుని మరీ బయలుదేరండి! స్వరాలు మాత్రం గురువు దగ్గర వినవలసినవే. 'మా' అంటే ఒక స్వరంలో అమ్మ, మరో స్వరంలో గుర్రం.

కాలేజీ నుంచి అడ్మిషన్ కాగితం వచ్చినవారు డబ్బు కట్టకముందే తీసుకురండి, కలిసి చదువుదాం.