కరిగించి పోయని లోహం

భద్రాచలం నుంచి కొత్తగూడెం వచ్చే దారిలో ఎక్కడో ఒకచోట బోరుబండి ఆగి కనిపిస్తుంది. రాయిని పిండి చేసే దాని బిట్టును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఉక్కు ముఖం మీద చింతపిక్కలంత బూడిదరంగు గుండ్లు పొదిగి ఉంటాయి. ఒకటి ఊడి చేతికొస్తే తెలుస్తుంది, ఆ సైజుకు అంత బరువేమిటా అని.

అవి పోతపోసినవి కావు, పొడితో చేసినవి. వాటిలోని టంగ్‌స్టన్ లోహం కరగాలంటే 3,422 డిగ్రీల సెల్సియస్ కావాలి. అంత వేడికి ఆగే మూస ఎక్కడ దొరుకుతుంది? అందుకే టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిలో కాస్త కోబాల్ట్ కలిపి అచ్చులో నొక్కుతారు. అప్పటికి అది సుద్దముక్కే, గోటితో గీరితే రాలుతుంది. కొలిమిలో సుమారు 1,400 డిగ్రీల దగ్గర కోబాల్ట్ భాగం కరిగి, రేణువుల సందుల్లోకి పాకి వాటిని దగ్గరికి లాగుతుంది. ముక్క పొడవులో దాదాపు ఆరో వంతు కుంచించుకుపోతుంది, బోలుతనం పోతుంది. దీన్నే సింటరింగ్ అంటారు. ఎంత తగ్గుతుందో ముందే లెక్కగట్టి అచ్చును పెద్దగా చేయాలి. మన కుమ్మరికి ఈ లెక్క కొత్తేం కాదు.

పాల్వంచలో 1980లో మొదలైన స్పాంజ్ ఐరన్ కర్మాగారం దీనికి దూరపు చుట్టం. అక్కడా ఖనిజాన్ని కరిగించకుండానే ఇనుము తీశారు. కాకపోతే అది పేరుకు తగ్గట్టే నిండా రంధ్రాలు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలకు మాత్రం ఇలాంటి లోహపు పొడులతోనే రోజంతా పని.