మనోంగ్: కడలి దాటిన పెద్దన్న

ఫిలిప్పీను ద్వీపములలో ఉత్తరపు కొసన ఇలోకోస్ అను సీమ కలదు. ఒకవంక కొండలు, ఒకవంక కడలి, నడుమ సన్నని పట్టీవలె సాగుభూమి. అచ్చటివారు పెద్దన్నను ‘మనోంగ్’ అని పిలుతురు. మనము తోడబుట్టనివానిని సైతము ‘అన్నా’ అని పిలుచునట్లే వారును వయసున పెద్దయైన మగవాని నెవనినైనను ఆ మాటతోనే పిలుతురు. అమెరికాలోని ఫిలిపినో కుటుంబములలో ఈ మాటకు మరియొక అర్థము కూడ ఏర్పడినది. 1920, 1930 ప్రాంతముల ఒంటరిగా ఓడలెక్కి వచ్చి, పొలములలోను, చేపలను డబ్బాల కెత్తు కర్మాగారములలోను పాటుపడి, అక్కడనే ముసలివారైన తొలితరమువారందరును మనోంగులే. ఈ పూట మేము తలచుకొనబోవునది వారిలో ఒకనిని. ఆయన పేరు ఫిలిప్ వెరా క్రూజ్.

ఇలోకోస్ సీమలోని సవోవాంగ్ గ్రామమున 1904 డిసెంబరు 25వ తేదీన ఆయన జన్మించెను. 1926లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, చదువుకొని తిరిగి వత్తునని ఇల్లు వెడలెను. 1898 నుండి ఆ ద్వీపములు అమెరికా యేలుబడిలో నుండుటచే ప్రయాణమున కడ్డు లేదు. కాని పౌరసత్వము లేదు. జెండా ఒక్కటే, హక్కులు వేరు. వాషింగ్టన్ రాష్ట్రమున పెట్టెల కర్మాగారములో పని, పిదప భోజనశాలలలో పని. ఒక యేడాది కళాశాల మెట్లు కూడ ఎక్కెను. ఆ చదువు అంతటితో ఆగినది. తన కూలినుండి ఇంటికి డబ్బు పంపి తమ్మునికి, చెల్లెలికి చదువు చెప్పించెను. తన పలక పగులగొట్టుకొని వారి చేతికి బలపమిచ్చినట్లయినది.

ఆ తరమువారు ఇంటికి పంపిన ఛాయాచిత్రములు నేటికిని అనేక కుటుంబములలో భద్రముగా నున్నవి. చక్కగా కుట్టించిన సూటు, మెరుగుబెట్టిన బూట్లు, నున్నగా దువ్విన తల, ఒక్కొక్కచో ప్రక్కన ఒక మోటారుకారు. వానిని చూచి తల్లులు మురిసిరి. ఊరి కుర్రవాండ్రు తామును ఓడ యెక్కిరి. చిత్రము తీయించుకొన్న మరునాడు ఆ చేతులు ఏమి చేసెనో చిత్రమున కానరాదు. స్టాక్టన్ చెంత ఆస్పరాగస్ తోటలుండెడివి. అది మన పిల్లపీచర జాతి మొక్కయే. దాని లేతమొలకలను వారు కూరకు వాడుదురు. ఆ మొలకను నేలమట్టమున పొడవైన కత్తితో కోయవలెను. అనగా తెల్లవారినది మొదలు నడుము వంచి నడువవలసినదే. వంగిన నడుమును ఎవరు ఛాయాచిత్రము తీయించుకొందురు?

తిరిగి పోవుదురని తలచితిరా? ఓడ కేవు చేతిలో నిలువదు. వట్టిచేతులతో ఊరిలో అడుగిడుటకు మానము ఒప్పదు. అక్కడనే ఇల్లు కట్టుకొందమన్న చట్టములు అడ్డువచ్చినవి. ఆ సీమనుండి వచ్చిన స్త్రీలు మిక్కిలి తక్కువ. 1933లో కాలిఫోర్నియా రాష్ట్రము ‘మలయ జాతి’వారు తెల్లవారిని వివాహమాడరాదని చట్టము సవరించినది; అట్టి నిషేధములను 1948లో గాని అచ్చటి న్యాయస్థానము కొట్టివేయలేదు. 1934 శాసనము ఏటికి 50 మందికి మించి రానీయలేదు. ఇట్లు ఒక తరమంతయు ఆలుబిడ్డలు లేక కూలివారి విడుదులలో మంచము ప్రక్క మంచముగా కాలము గడిపినది.

ఇక్కడ మన కథయు ఒకింత కలియును. 1946 జూలై 2వ తేదీన ట్రూమన్ అధ్యక్షుడు సంతకము చేసిన చట్టము ఫిలిపినోలకును భారతీయులకును ఒక్కమారే అమెరికా పౌరసత్వమునకు అర్హత కలిగించినది. ఆ దినమున మనోంగులును మనవారును ఒకే గడపలో నిలిచిరి. అప్పటికే వెరా క్రూజ్ వయసు నలువది దాటినది.

యుద్ధకాలము నుండి ఆయన డెలానో పట్టణమున ద్రాక్షతోటలలో నుండెను. 1965 సెప్టెంబరు 8వ తేదీన అచ్చటి ఫిలిపినో కూలీలు గంటకు ఒక డాలరు నలువది సెంట్లు కోరి పని మానిరి. లారీ ఇట్లియాంగ్ వారి నాయకుడు. వెరా క్రూజ్ తోడునిలిచినవారిలో ముఖ్యుడు. తోటల యజమానులు విడుదులలో దీపములు, నీరు కట్టివేసిరి. వారమునకు మెక్సికోసీమ కూలీలు సీజర్ చావెజ్ వెంట వచ్చి కలిసిరి. పోరు 1970 వరకు సాగి ఒప్పందములతో ముగిసినది. నడుమ కాపలావరుసలో నుండగా గుండె ఆగి మరణించిన పావులో అగ్బాయాని పేర 1974లో డెలానోలో వృద్ధులకు ఒక నివాసము వెలసినది. మంచము ప్రక్క మంచము వేసుకొన్నవారికి ముదిమిలో తలుపు గల గది దొరకినది.

సంఘమున వెరా క్రూజ్ ఉపాధ్యక్షుడయ్యెను. 1977లో చావెజ్ ఫిలిప్పీన్సునకు పోయి సైనిక శాసనముతో పాలించుచున్న మార్కోస్ ఆతిథ్యము గైకొనెను. వెరా క్రూజ్ అది సహింపక సంఘమును వీడెను. ఏబది యేండ్లుగా కంట చూడని ఊరి జనము కొరకు డెబ్బదిరెండవ యేట తాను కట్టిన యింటినుండి తానే వెలికివచ్చెను. ఇది మొండితనమనువారు కలరు. మాకట్లు తోచదు. అన్న యెంత దూరమున నున్నను అన్నయే గదా!

ఆయన తిరిగి స్వదేశమున అడుగిడినది ఇల్లు వెడలిన సుమారు 60 ఏండ్లకు, మార్కోస్ పాలన ముగిసిన పిదప. 1994లో కాలిఫోర్నియాలోనే కన్నుమూసెను. ఆ రాష్ట్రమున యూనియన్ సిటీ అను ఊరిలో నేడొక పాఠశాల ఇట్లియాంగ్, వెరా క్రూజ్‌ల పేర నడచుచున్నది. చదువు సగములో విడిచినవాని పేరు అచ్చటి పిల్లలు తమ పుస్తకములపై ప్రతియేడును వ్రాసికొనుచున్నారు.