పాత బ్యాటరీని ఎక్కడ ఉంచుతున్నాము?
(మొహల్లా సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు పోయినప్పుడు ఇంటిని ఆదుకునే ఇన్వర్టర్ బ్యాటరీ, పాడైన తరువాత మెట్ల కిందకో, పిల్లలు ఆడుకునే వసారాలోకో చేరుతుంది. మంచి ధర పలికే దాకా నెలల తరబడి అక్కడే ఉంటుంది. నేను మాట్లాడదలచినది ఆ నెలల గురించే.

ఆ పెట్టెలో ఉన్నవి సీసపు పలకలు, నీరు కలిపిన గంధకామ్లం. ఆమ్లం తగిలితే చర్మం కాలుతుంది కనుక దాని హాని వెంటనే తెలుస్తుంది. సీసం అలా కాదు. వాసన లేదు, మంట లేదు. ధూళిగా చేతులకు అంటి నోటిలోకి పోతుంది. మింగిన సీసాన్ని పెద్దల దేహం కంటే పసివారి దేహం నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తుందని, ప్రమాదం లేని మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మెదడు ఎదిగే వయసులో కలిగిన ఆ నష్టం తరువాత పూడదు.

సెనెగల్ రాజధాని డకార్‌లో తియారోయ్ సుర్ మేర్ అనే పేట ఉంది. అక్కడ బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే పని ఏళ్ల తరబడి సాగింది. నేలలో మిగిలిన సీసం కోసం తరువాత జనం ఆ మట్టినే తవ్వి జల్లెడ పట్టారు. 2007 నవంబరుకూ 2008 మార్చికీ నడుమ ఆ పేటలో 18 మంది పిల్లలు మరణించారు. ఆ తల్లిదండ్రులు పొట్టకూటి కోసం దొరికిన పని చేసినవారే. మన మొహల్లాల్లో తుక్కు కొనేవారూ, బ్యాటరీ మెకానిక్కులూ అటువంటివారే. వారిని నిందించి లాభం లేదు. పని మానమనడం తేలిక, మానితే పొయ్యి ఎలా వెలుగుతుంది? అయితే పనిబట్టలు దుకాణంలోనే విప్పి, చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కొని ఇంటికి రావడం వారి చేతిలో పనే. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు. అటువంటి ఇళ్లలోని పిల్లల రక్తంలో సీసం ఎంత ఉన్నదో పరీక్షించమని వైద్యుని అడగాలి.

ఇంట్లో ఉంచక తప్పనప్పుడు బ్యాటరీని నిలువుగానే ఉంచండి. కింద లోతైన ప్లాస్టిక్ ట్రే పెట్టండి. ఆమ్లం కారినా అందులోనే నిలుస్తుంది. ఎండ, వాన తగలని, గాలి ఆడే, పిల్లలకు అందని చోటు కావాలి. వంటగది పనికిరాదు. ప్లస్, మైనస్ కొనలకు టేపు చుట్టండి, పైన ఇనుప సామాను పెట్టకండి. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. కాబట్టి ఆ గదిలో ఊదు గానీ, సాంబ్రాణి గానీ వెలిగించవద్దు. బరువు తగ్గించడానికి ఆమ్లాన్ని మోరీలో పారబోయడం అన్నింటికంటే చెడ్డ పని, అందులో సీసం కూడా ఉంటుంది.

ఎలక్ట్రిక్ బండ్లలోని లిథియం బ్యాటరీల తీరు వేరు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ బైకుల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పై అంతస్తుల లాడ్జిలో బస చేసిన 8 మంది ప్రాణాలు కోల్పోయారు. మన ఇళ్లలో అనేకం కింద దుకాణం, పైన సంసారం. అందుకే బయటికి పోయే ఒక్క దారిలో బండిని ఛార్జింగ్‌కు పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీని వాడనూ వద్దు, గుచ్చనూ వద్దు.

2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ, పునర్వినియోగం బాధ్యత తయారీదారులదే. వాటిని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా అప్పగించడం మన బాధ్యత. మనకు తెలిసిన కబాడీ సోదరుడు ఈ వ్యవస్థలో ఎక్కడా లేడు. శిక్షణ ఇచ్చి, అనుమతి ఇచ్చి అతణ్ణి కూడా అందులో చేర్చమని మనం అడగాలి. అంతవరకు కొత్త బ్యాటరీ కొన్న రోజే పాతదాన్ని దుకాణదారుకు అప్పగించి, బిల్లులో దాని ధర తగ్గించి రాయించుకోండి.