ఈకలతో పురుగులు కట్టిన ఇల్లాళ్ళు



తొలకరి వాన పడిన సాయంత్రం ఉసిళ్ళు లేచి దీపం చుట్టూ ముసురుకోవడం మనకు తెలిసిందే. దీపం ఆర్పేసి కూర్చుంటాం, పొద్దున్నే రాలిన రెక్కలు ఊడ్చుకుంటాం. కానీ అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రపు క్యాట్‌స్కిల్ కొండల్లో, ఇటువంటి పురుగు కోసమే ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళున్నారు.

అక్కడ బీవర్‌కిల్ అని ఒక ఏరు, అందులో ట్రౌట్ చేపలు. మంచు కరిగి, నీటి వేడి 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరేసరికి ఏప్రిల్ నెలాఖరవుతుంది. అప్పుడు మధ్యాహ్నం రెండు గంటల వేళ, ఏడాదిపాటు ఏటి అడుగున రాళ్ళ సందుల్లో బ్రతికిన మేఫ్లై పురుగులు ఒక్కసారిగా పైకి తేలతాయి. రెక్కలు ఆరేదాకా బుల్లి తెరచాప పడవల్లా కొట్టుకుపోతాయి. ఎగిరినా బ్రతికేది ఒకటి రెండు రోజులే, తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు పాపం! ఆ కాసేపట్లోనే ట్రౌట్ పైకొచ్చి వాటిని అందుకుంటుంది. అప్పుడు దానికి ఆ పురుగు తప్ప మరొకటి రుచించదు.

అందుకని గాలానికి ఎర గుచ్చరు, పురుగునే కడతారు. నక్క బొచ్చు దారానికి పట్టించి చుడితే ఒళ్ళు. బాతు ఈకతో రెక్కలు. కోడిపుంజు మెడ ఈక చుడితే దాని పోచలు కాళ్ళలా నీటి మీద నిలబెడతాయి. అంతా కలిపి చిటికెన వేలి గోరంత. నీటి వాలుకంటే ఒక్క పిసరు వేగంగా జారినా చేప మొహం తిప్పేసుకుంటుందట.

1916లో రాయ్ స్టీన్‌రాడ్ అనే ఆయన కట్టిన నమూనాకు స్నేహితుడి పేరిట హెండ్రిక్సన్ అని పేరు పెట్టాడు. అది ఆడపురుగుకు నకలు! మగపురుగుకు ఆర్ట్ ఫ్లిక్ తర్వాత వేరే కట్టాడు. ఆడదానికి మగవాడి పేరేమిటని ఎవరూ అడిగినట్టు లేదు.

ఆ కొండల్లో రూబ్ క్రాస్ అని పేరుమోసిన పనివాడు. వాల్ట్ డెట్ వెళ్ళి నేర్పమంటే కాదు పొమ్మన్నాడు. వాల్ట్, ఆయన భార్య విన్నీ, మిత్రుడు హ్యారీ డార్బీ కలిసి క్రాస్ కట్టిన పురుగులు కొనితెచ్చి, దారం ఒక్కొక్క చుట్టే విప్పి చూసుకున్నారు. పక్కింటావిడ స్వెట్టరు అల్లిక చెప్పకపోతే మనం చేసే పని ఇదే కదూ! తర్వాత హ్యారీని పెళ్ళాడిన ఎల్సీ కూడా ఈ పనిలో ఆరితేరింది. 1930లలో, పనులు దొరకని ఆ గడ్డురోజుల్లో, రెండిళ్ళూ గడిచింది ఈ ఈకల మీదే. డార్బీలు ఈకల కోసం బూడిదరంగు పుంజుల్ని ఇంట్లోనే పెంచారు.

చేపను పట్టి మళ్ళీ నీళ్ళలో వదిలే ముచ్చట నాకింకా బోధపడలేదు. ఆ వేళ్ళ పని మాత్రం బోధపడింది. ఏట్లో నిలబడి ఫోటో తీయించుకున్న మగవాళ్ళలో ఎందరి గాలాలకు కట్టింది విన్నీయో, ఎల్సీయో! ఎల్సీ 1980లో పోయింది. విన్నీ పని ఆమె కూతురు మేరీ అందుకుని, ముసలితనం దాకా కడుతూనే ఉంది.