చేరిక అంటే కరగిపోవడం కాదు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



"కన్నడ రాష్ట్రంలో తెలుగు బడి ఎందుకమ్మా?" అని ఏటా ప్రవేశాల వేళ కొందరు నన్నడుగుతారు. ఐరోపా పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే స్ఫురిస్తుంది.

1958లో ఆరు దేశాలతో మొదలైన ఐరోపా ఆర్థిక సమాజమే నేటి యూరోపియన్ యూనియన్. 2013లో క్రొయేషియా రాకతో సభ్యదేశాలు 28 అయినవి. 2020లో బ్రిటన్ వైదొలగగా 27 మిగిలినవి. చేరగోరిన దేశం తానే దరఖాస్తు చేసుకోవాలి. ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన, పోటీకి నిలువగల ఆర్థిక వ్యవస్థ ఉండాలని 1993లో కోపెన్‌హేగన్‌లో నిర్ణయించారు. సభ్యదేశాలలో ఒక్కటి కాదన్నా తలుపు తెరుచుకోదు. ఇన్ని షరతులలోనూ మాతృభాషను విడువమన్న షరతు లేదు. క్రొయేషియాతోపాటు దాని భాష కూడా చేరి, అధికార భాషలు 24 అయినవి.

మన రాయచూరు జిల్లా దరఖాస్తు చేయలేదు. హైదరాబాదు రాష్ట్రంలోని మనలను 1956 నవంబరు 1న పార్లమెంటు చట్టం మైసూరు రాష్ట్రంలో చేర్చింది. అదేనాడు అమలైన ఏడవ రాజ్యాంగ సవరణ 350ఎ అధికరణాన్ని తెచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని అది చెబుతుంది.

కన్నడం మన మెట్టినింటి భాష, తెలుగు పుట్టినింటి భాష. మెట్టినింట మంచి పేరు తెచ్చుకున్న ఆడపడుచు పుట్టింటిని మరువదు. మా పిల్లలకు రెండూ చక్కగా నేర్పే బాధ్యత మాది. కాని అధికరణం బడిని నిలపగలదే గాని బల్లలను నింపలేదు. పిల్లలను పంపవలసినది మీరే.