చెడిన రాణి కథ

ఈ రజతోత్సవ సమయమున నన్నుగూడ రెండు మాటలు చెప్పుమని పెద్దలు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. పగలు భూముల లెక్కలు, రాత్రి దీపము ముందర కావ్యములు. ఇంతియే నా చదువు. అందుచేత అందఱెఱిగిన కథలనే తీసికొని, వానిలో నొక్క పాత్రను గూర్చి మనవి చేసెదను. ఆమె చెడిన రాణి.

ఈమె అన్ని దేశముల కథలలోను కలదు. జర్మనీ దేశమున గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన కథలలో, తనకంటె అందగత్తె ఎవరని అద్దము నడుగు రాణి యున్నది. ఆ తొలి ముద్రణములో ఆమె ఆ బాలికకు కన్నతల్లియే. 1819 నాటి ముద్రణములో ఆమెను సవతితల్లిగా మార్చిరి. కన్నతల్లికి అట్టి మచ్చ తగదని తలచి, నేరమును సవతితల్లి పద్దున వ్రాసిరి కాబోలు. నేరమును ఒక పద్దునుండి మఱియొక పద్దునకు మార్చు ఈ అలవాటు మనకును లేకపోలేదు.

కైకేయిని చూడుడు. రాముని పట్టాభిషేక వార్త వినగానే ఆమె సంతసించి మంథరకు ఆభరణము నిచ్చెనని వాల్మీకి చెప్పినాడు. అట్టి మనసు ఒక్క రాత్రిలో ఎట్లు విఱిగెను? మంథర మొదట చూపినది ఆశ గాదు, భయము. భరతుడు దాసుడగును, కౌసల్య పూర్వపు అవమానములకు పగ తీర్చుకొనును అని బోధించినది. ఇంకొకటి కలదు. కైకను వివాహమాడు కాలమున దశరథుడు ఆమె తండ్రికి రాజ్యమును శుల్కముగా మాట యిచ్చెనని రాముడే భరతునితో చెప్పును. మనము దశరథుని మాటను మఱచి, మంథర మాటనే తలచుచున్నాము. అధ్యాత్మరామాయణమున నైతే దేవతలు పంపగా సరస్వతియే మంథరలోను, కైకలోను ప్రవేశించినది.

ఇక మన చిత్రాంగి. రాజరాజనరేంద్రుని పడుచు భార్య సవతికొడుకైన సారంగధరుని మోహించెననియు, అతడు నిరాకరింపగా నింద మోపెననియు, రాజు అతని కాలుసేతులు నఱికించెననియు, సిద్ధుని అనుగ్రహమున అవి తిరిగి వచ్చెననియు కథ. చేమకూర వేంకటకవి దీనిని కావ్యముగా రచించెను. అంతకుముందే 15వ శతాబ్దమున గౌరన నవనాథచరిత్రలో ఈ కథ చెప్పెను; అచ్చట ఇది మాళవదేశపు కథ. 1022లో పట్టమెక్కిన మన రాజునకు రాణి అమ్మంగదేవి. కుమారుడు రాజేంద్రుడు, 1070లో కులోత్తుంగుడను పేర చోళ సింహాసన మెక్కినవాడు. శాసనములలో సారంగధరుడు కానరాడు. ఎక్కడి కథయో వచ్చి గోదావరి గట్టున నిలిచినది.

చరిత్ర కాకున్నను కథలో సత్యము లేకపోలేదు. కొన్ని కథనములలో చిత్రాంగికి చూపిన చిత్రపటము కుమారునిది, తాళి కట్టినది తండ్రి. ఆమె చేసినది ఘోరమే, కాదనను. కాని ఆ మోసము చేసిన దెవరు? విచారణ లేక శిక్ష విధించిన దెవరు? ఒక పక్క పద్దు మాత్రమే చూచి మొత్తము కట్టిన లెక్క ఏ తనిఖీకిని నిలువదు.

ఇది వట్టి కావ్యచర్చ గాదు. రెండవ పెండ్లి భార్యగా మన పల్లెలోనికి వచ్చిన పదునెనిమిదేండ్ల పిల్లను, ఆమె నోరు విప్పకమునుపే కైక యనియు, చిత్రాంగి యనియు మనవారు పిలుచుట నేను వినియున్నాను. ఆ పేరు పడిన పిమ్మట ఆమె ఏమి చేసినను తప్పే. కథను సగము విన్నవాడు పేరు పెట్టును. మొత్తము చదివినవాడు ప్రశ్న వేయును.

ఆ రెండవ సగము ఈ గ్రంథాలయపు బీరువాలలో నున్నది. సోదరీమణులు గూడ వచ్చి, ఈ కథలు చదివి, తమ తీర్పును తామే చెప్పుదురుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.